టెస్టు ట్యూబులో పీకులు, స్కానర్‌లో బొమ్మలు: రెండింటి వెనక ఉన్నది ఒకే సూత్రమా?

వెన్నెల

అందరికీ నమస్కారం. నేను రసాయన శాస్త్రంలో పీజీ చేస్తున్నాను. మాకు ఎన్‌ఎంఆర్ (కేంద్రక అయస్కాంత అనునాదం) అంటే కాగితం మీద శిఖరాల్లా లేచిన కొన్ని గీతలు, అంటే పీకులు. వాటిని చూసి అణువు నిర్మాణం చెప్పగలిగితే మార్కులు వస్తాయి. ఆసుపత్రిలో ఎంఆర్‌ఐ అంటే మెదడు బొమ్మ. రెండూ ఒకటేనని అందరూ అంటారు, ఎక్కడ ఒకటో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇంకో చిక్కు. పుస్తకంలో ప్రోటాన్లను పైకి కొన్ని, కిందికి కొన్ని బాణాలుగా గీస్తారు. రేడియో తరంగం తగలగానే ఒక బాణం తిరగబడుతుంది. సరే, తిరగబడింది. అంతమాత్రాన కాయిల్‌లో సిగ్నల్ ఎందుకు పుడుతుంది? ఈ ప్రశ్న అడిగితే "పరీక్షకు అది అవసరం లేదు" అన్నారు.

భౌతికవాది

పరీక్షకు అవసరం లేకపోవచ్చు, అర్థం కావడానికి అవసరమే. ముందు ఆ బాణాల బొమ్మను పక్కన పెట్టండి. శక్తి స్థాయిల లెక్కకు అది పనికొస్తుంది, సిగ్నల్ ఎలా పుడుతుందో చెప్పడానికి పనికిరాదు.

హైడ్రోజన్ కేంద్రకానికి, అంటే ప్రోటాన్‌కు, స్పిన్ (తన చుట్టూ తాను తిరుగుతున్నట్టుండే గుణం) ఉంది. స్పిన్‌తో పాటే చిన్న అయస్కాంత భ్రామకం కూడా ఉంది, అంటే అదొక బుల్లి అయస్కాంతం. బలమైన అయస్కాంత క్షేత్రంలో పెడితే ఆ భ్రామకం, వాలిన బొంగరం తల తిరిగినట్టు, క్షేత్ర దిశ చుట్టూ వలయంగా తిరుగుతుంది. ఎంత వేగంగా తిరుగుతుందన్నది పూర్తిగా క్షేత్రం చేతిలో ఉంది: ఒక టెస్లాకు (టెస్లా క్షేత్ర బలానికి కొలమానం) 42.58 మెగాహెర్ట్జ్. దీన్నే లార్మర్ పౌనఃపున్యం అంటారు. ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించే 1.5 టెస్లా యంత్రంలో అది 63.87 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకు దాదాపు 6.4 కోట్ల చుట్లు.

మామూలు స్థితిలో ప్రోటాన్లన్నీ తలో దశలో తిరుగుతుంటాయి కాబట్టి అడ్డదిశలో వాటి ప్రభావాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేది క్షేత్ర దిశలో కొద్దిపాటి నికర అయస్కాంతత్వం. సరిగ్గా అదే పౌనఃపున్యంలో ఒక రేడియో పల్స్ ఇస్తే ఆ నికర అయస్కాంతత్వం అడ్డంగా పడుతుంది. పల్స్ ఆగాక అది అడ్డంగానే సెకనుకు కోట్ల చుట్లు తిరుగుతుంది. తిరిగే అయస్కాంతం పక్కన కాయిల్ ఉంటే ఫారడే నియమం ప్రకారం అందులో వోల్టేజీ పుట్టక తప్పదు. మీ సిగ్నల్ అదే.

వెన్నెల

"కొద్దిపాటి" అన్నారు. ఎంత?

భౌతికవాది

1.5 టెస్లాలో, శరీర ఉష్ణోగ్రత దగ్గర, పది లక్షల ప్రోటాన్లలో క్షేత్రం వైపు మొగ్గు చూపేవి వ్యతిరేకం వైపు ఉన్నవాటి కన్నా సుమారు 5 ఎక్కువ. మిగిలినవన్నీ రద్దయిపోతాయి. కారణం తేలికే. ఆ రెండు స్థాయిల మధ్య శక్తి తేడా, వేడి వల్ల అణువులు అటూ ఇటూ కొట్టుకునే శక్తిలో లక్షో వంతు మాత్రమే. ఆ గందరగోళంలో అయస్కాంతం మాట వినేది బహు కొద్ది.

అయినా పని ఎందుకు జరుగుతోందంటే నీటిలో ప్రోటాన్లు అంతులేనన్ని ఉన్నాయి. ఒక ఘన మిల్లీమీటరు నీటిలో ఎన్నంటే, 67 పక్కన పద్దెనిమిది సున్నాలు పెట్టాలి. పది లక్షలకు 5 చొప్పున తీసుకున్నా అది కోట్ల కోట్ల లెక్క.

ఈ రంగంలో కనిపించే ప్రతి విడ్డూరం (పెద్ద అయస్కాంతం, ద్రవ హీలియం, గంటసేపు స్కాన్, కొండంత ఖర్చు) ఈ 5 అనే అంకె నుంచే పుట్టింది. మిగతా చర్చ ఎటు పోయినా దీన్ని గుర్తుపెట్టుకోండి.

పీపీఎం

నేను ఎన్‌ఎంఆర్ ల్యాబ్‌లో పనిచేస్తాను. రోజంతా ట్యూబులు పెట్టడం, షిమ్మింగ్ (క్షేత్రం అంతటా సమంగా ఉండేలా సరిచేయడం) చేయడం, విద్యార్థుల స్పెక్ట్రాలు, అంటే ఆ పీకుల కాగితాలు, తీసి ఇవ్వడం. రసాయనం వైపు సంగతి నేను చెబుతాను.

భౌతికవాది గారు చెప్పిన 42.58 అంకె ఒంటరి ప్రోటాన్‌కు వర్తిస్తుంది. అణువులో ప్రోటాన్ ఒంటరిగా ఉండదు. చుట్టూ ఎలక్ట్రాన్లు ఉంటాయి, అవి బయటి క్షేత్రాన్ని కాస్త అడ్డుకుంటాయి. ఎలక్ట్రాన్ల సాంద్రత ఎక్కువున్న చోట అడ్డు ఎక్కువ, పక్కన ఆక్సిజన్ లాంటిది ఉండి ఎలక్ట్రాన్లను లాక్కుంటే తక్కువ. అంటే ప్రతి ప్రోటాన్‌కూ తగిలే అసలు క్షేత్రం వేరు, తిరిగే వేగం వేరు. ఇదే కెమికల్ షిఫ్ట్. తేడా పది లక్షల్లో కొన్ని భాగాలే కాబట్టి పీపీఎంలో చెబుతాం. నా పేరు అక్కడిదే.

ఇథనాల్ తీసుకోండి. మిథైల్ ప్రోటాన్లు 1.2 పీపీఎం దగ్గర, ఆక్సిజన్ పక్కనున్న మిథిలీన్ ప్రోటాన్లు 3.7 దగ్గర, హైడ్రాక్సిల్ ప్రోటాన్ వేరే చోట. పీకుల వైశాల్యాలు, ప్రోటాన్ల సంఖ్య ప్రకారమే, 3:2:1. మిథైల్ పీకు మూడుగా, మిథిలీన్ పీకు నాలుగుగా చీలి ఉంటాయి, ఎందుకంటే పక్క కార్బన్ మీది ప్రోటాన్లు ఏ దిశలో ఉన్నాయో వీటికి బంధాల మీదుగా తెలుస్తుంది. చీలికలు లెక్కపెట్టి పక్కింట్లో ఎందరున్నారో చెప్పవచ్చు.

1951లో ఇథనాల్‌కు మూడు వేర్వేరు గీతలు మొదటిసారి చూపించిన పరిశోధన పత్రం మీద ముగ్గురి పేర్లున్నాయి: ఆర్నాల్డ్, ధర్మట్టి, ప్యాకర్డ్. మధ్యలో ఉన్న ఎస్.ఎస్.ధర్మట్టి స్టాన్‌ఫర్డ్‌లో, ఈ రంగం ఆద్యుల్లో ఒకరైన బ్లాక్ దగ్గర పనిచేసి, తర్వాత ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఎన్‌ఎంఆర్ పరిశోధనకు పునాది వేశారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆ పేరు ఒక్క చోటైనా ఉంటే బాగుండేది.

వెన్నెల

మా పుస్తకంలో రాబీ, బ్లాక్, పర్సెల్ ఉన్నారు. ఆయన పేరు నేను వినలేదు.

భౌతికవాది

ఆ ముగ్గురూ ఉండాల్సినవారే. రాబీ 1938లో అణు పుంజాలలో అనునాదం చూపించారు, 1944 నోబెల్ ఆయనది. మామూలు పదార్థంలో చూపించినవారు బ్లాక్, పర్సెల్. 1946లో ప్రచురించారు, 1952లో నోబెల్ పంచుకున్నారు. పర్సెల్ బృందం మైనంతో, బ్లాక్ బృందం నీటితో, అమెరికాకు చెరో కొసన ఉండి ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే చోటికి చేరారు.

విచిత్రం ఏమిటంటే భౌతిక శాస్త్రజ్ఞులకు కెమికల్ షిఫ్ట్ మొదట్లో చికాకు కలిగించింది. వాళ్లకు కావలసింది కేంద్రకం అయస్కాంత భ్రామకం విలువ, కచ్చితంగా. 1950 ప్రాంతంలో ప్రాక్టర్, యూ అమ్మోనియం నైట్రేట్‌లో నైట్రోజన్‌ను కొలిస్తే ఒక గీతకు బదులు రెండు వచ్చాయి. ఒకే కేంద్రకం, రెండు జవాబులు. వాళ్లకు అడ్డు తగిలిన ఆ తేడాయే ఇవాళ పీపీఎం గారి ఉద్యోగం.

సందేహాల రావు

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, నేను సైన్సు మనిషిని కాను. ఈ మధ్య మోకాలికి ఎంఆర్‌ఐ తీశారు. లోపల ఒకటే దడదడ, చెవుల్లో దూది పెట్టినా ఆగలేదు. అరగంట పైగా కదలకుండా పడుకోమన్నారు. బయటికొచ్చాక పక్కాయన "అణుధార్మికత ఉంటుంది, మళ్లీ మళ్లీ తీయించుకోకండి" అన్నారు. నిజమా? ఆ శబ్దం ఏమిటి? అంత సమయం ఎందుకు?

నీడలు చదివేవాడు

రేడియాలజిస్టుని. మొదటి ప్రశ్నకు సూటి జవాబు: లేదు. ఇందులో అణుధార్మిక పదార్థం ఏదీ లేదు, ఎక్స్ కిరణాలూ లేవు. 1.5 టెస్లా దగ్గర రేడియో తరంగం ఒక్కో ఫోటాన్ శక్తి, ఒక అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టడానికి కావలసిన దానిలో దాదాపు నాలుగు కోట్లో వంతు. డీఎన్‌ఏ మాట అటుంచి, మామూలు రసాయన బంధాన్ని కూడా అది తెంచలేదు.

అలాగని ప్రమాదమే లేదని అనను. రేడియో తరంగాలు ఒంటిని కొద్దిగా వేడి చేస్తాయి. మామూలు స్కాన్‌లో ఒళ్లంతటికీ సగటున కిలో బరువుకు 2 వాట్లు దాటకుండా యంత్రమే చూసుకుంటుంది. చేతులు జోడించి పడుకోవద్దనడానికి, తీగలు ఒంటికి చుట్టుకోకుండా చూడడానికి కారణం ఇదే: వలయం ఏర్పడితే అక్కడ కరెంటు పారి చర్మం కాలవచ్చు. అసలు పెద్ద ప్రమాదం అయస్కాంతంతో. దాని గురించి హీలియం తాతగారు చెబితే బాగుంటుంది.

హీలియం తాత

పిలిచారు కాబట్టి వచ్చాను. నా ఉద్యోగ జీవితమంతా ఈ అయస్కాంతాలకు కాపలా కాయడంతోనే సరిపోయింది.

రావు గారూ, గదిలోకి వెళ్లేముందు మిమ్మల్ని ఒకే ప్రశ్న మూడు రకాలుగా అడిగి ఉంటారు: ఒంట్లో లోహం ఏదైనా ఉందా అని. విసుక్కోకండి. ఆ అయస్కాంతం స్కాన్ జరిగేటప్పుడే కాదు, రాత్రింబగళ్లూ పనిచేస్తూనే ఉంటుంది. స్విచ్ ఆపి ఇంటికి వెళ్లే యంత్రం కాదది. లోపల నియోబియం-టైటానియం తీగ చుట్టలు ద్రవ హీలియంలో 4.2 కెల్విన్ దగ్గర, అంటే సుమారు మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఆ చలిలో తీగకు నిరోధం ఉండదు. ఒకసారి కరెంటు ఎక్కించి రెండు కొసలూ కలిపేస్తే సంవత్సరాల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

ఇనుప వస్తువును లాగే బలం క్షేత్రం ఎంతుందన్న దానితో పాటు, అది ఎంత త్వరగా మారుతోందన్న దాని మీద ఆధారపడుతుంది. సొరంగం నోటి దగ్గర ఆ మార్పు చాలా నిటారు. గది గుమ్మంలో చేతిలోని సిలిండర్ మామూలుగానే ఉంటుంది, రెండడుగులు వేయగానే చేతిలో ఉండదు. 2001లో అమెరికాలో ఇలాగే గదిలోకి తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్ ఎగిరి తగిలి, స్కాన్‌లో ఉన్న ఆరేళ్ల పిల్లవాడు చనిపోయాడు. లోహం పనిచేసేవారి కంట్లో ఎప్పుడో పడిన చిన్న ఇనుప రజను కూడా కదలవచ్చు, అందుకే అవసరమైతే ముందు ఎక్స్‌రే తీసి చూస్తారు.

గోడ మీద ఎర్ర మీట ఉంటుంది. దాన్ని నొక్కితే క్వెంచ్: తీగ వేడెక్కుతుంది, నిరోధం వస్తుంది, వందల లీటర్ల హీలియం ఆవిరై గొట్టం గుండా పైకప్పు మీదికి పోతుంది. లీటరు ద్రవం ఏడు వందల లీటర్లకు పైగా వాయువు అవుతుంది. గొట్టం మూసుకుపోయి ఉంటే ఆ వాయువంతా గదిలో నిండి ఊపిరి ఆడదు. క్షేత్రం కూడా మీట నొక్కిన క్షణానే పోదు, కొంత సమయం తీసుకుంటుంది. మనిషి ప్రాణం మీదికి వస్తే తప్ప దాని జోలికి పోకూడదు. యాత్రకు తీసుకొచ్చిన పిల్లల్లా కొత్త ఉద్యోగులందరి కళ్లూ మొదట ఆ మీట మీదే పడతాయి.

ఇక శబ్దం. బొమ్మ తీయడానికి ప్రధాన క్షేత్రం మీద ఇంకో చిన్న క్షేత్రాన్ని ఏటవాలుగా వేస్తారు. దాన్ని పుట్టించే గ్రేడియంట్ కాయిల్స్‌లో వందల ఆంపియర్ల కరెంటు సెకనులో వెయ్యో వంతు వ్యవధిలో ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. బలమైన క్షేత్రంలో ఉన్న తీగలో కరెంటు మారితే తీగ మీద తోపుడు మారుతుంది. కాయిల్ మొత్తం అదురుతుంది. మీరు విన్న దడదడ ఆ అదురే. వంద డెసిబెల్స్ దాటుతుంది కాబట్టి చెవులకు సరైన రక్షణ ఇవ్వాలి. ఉత్త దూది చాలదు. మీకు అదే ఇచ్చి ఉంటే ఈసారి అడిగి మరీ సరైనవి తీసుకోండి.

వెన్నెల

ఏటవాలు క్షేత్రం అన్నారు కదా తాతగారూ, బొమ్మ వచ్చేది అక్కడి నుంచేనా?

భౌతికవాది

అక్కడి నుంచే. దీన్ని ఒక చిక్కుప్రశ్నతో మొదలుపెడతాను. 63.87 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు గాలిలో 4.7 మీటర్లు. తరంగదైర్ఘ్యం కన్నా బాగా చిన్న వస్తువును ఆ తరంగంతో చూడలేమని కాంతి శాస్త్రంలో చదువుకున్నాం. మరి ఎంఆర్‌ఐలో మిల్లీమీటరు మచ్చ ఎలా కనిపిస్తోంది?

జవాబు: ఇక్కడ తరంగంతో "చూడడం" జరగడం లేదు. వేగం క్షేత్రం మీద ఆధారపడుతుంది కదా. తల వైపు క్షేత్రం కొద్దిగా ఎక్కువ, కాళ్ల వైపు కొద్దిగా తక్కువ ఉండేలా చేస్తే, తల దగ్గరి ప్రోటాన్లు వేగంగా, కాళ్ల దగ్గరివి నెమ్మదిగా తిరుగుతాయి. మీటరుకు 10 మిల్లీటెస్లాల వాలు పెడితే 30 సెంటీమీటర్ల దూరంలో తేడా సుమారు 1,28,000 హెర్ట్జ్. వచ్చిన సిగ్నల్‌లో ఏ పౌనఃపున్యం ఎంతుందో ఫూరియే గణితంతో విడదీస్తే, ఏ చోట నీరు ఎంతుందో తెలిసిపోతుంది. చోటు పౌనఃపున్యంగా మారింది. తరంగదైర్ఘ్యంతో నిమిత్తమే లేదు.

పాల్ లాటర్‌బర్ 1973లో ప్రచురించిన మొదటి బొమ్మ రెండు సన్నని గొట్టాల్లోని మామూలు నీటిది. ఆ గొట్టాల చుట్టూ భారజలం పోశారు. భారజలంలో ఉండే డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) తిరిగే వేగం వేరు కాబట్టి అది కనబడదు. అచ్చులో చూస్తే రెండు మసక చుక్కలు, అంతే. నేచర్ పత్రిక ఆ వ్యాసాన్ని మొదట తిప్పి పంపింది.

నీడలు చదివేవాడు

డమాడియన్ పేరు ఎత్తకుండానే చరిత్ర ముగించేస్తున్నారు. 1971లో ఎలుకల కణితుల్లో రిలాక్సేషన్ సమయాలు (పల్స్ తర్వాత ప్రోటాన్లు మామూలు స్థితికి చేరడానికి పట్టే సమయాలు) మామూలు కణజాలం కన్నా ఎక్కువని చూపించింది ఆయనే. వైద్యానికి ఇది పనికొస్తుందన్న ఊహ అక్కడే మొదలైంది. 1977 జులై 3న మనిషి ఛాతీ స్కాన్ తీసిందీ ఆయన బృందమే, దాదాపు ఐదు గంటలు పట్టింది.

భౌతికవాది

ఊహ ఆయనది కావచ్చు. పద్ధతి ఆయనది కాదు. ఆయన ఒక్కో బిందువు దగ్గరా క్షేత్రాన్ని సరిచేసుకుంటూ కొలిచారు, అందుకే ఐదు గంటలు. ఇవాళ ఏ యంత్రమూ అలా పనిచేయదు. వాలు క్షేత్రాలు లాటర్‌బర్‌వి, వాటితో వేగంగా బొమ్మ తీసే గణితం మాన్స్‌ఫీల్డ్‌ది. 2003 నోబెల్ ఆ ఇద్దరికీ వెళ్లడంలో నాకు తప్పు కనిపించదు.

నీడలు చదివేవాడు

ముగ్గురికి ఇచ్చే వీలుండగా ఇద్దరికే ఇచ్చారు. పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు వేసి ఆయన చేసిన గొడవ నాకూ నచ్చలేదు. కానీ పనిముట్టు ఎవరు చేశారన్నది ఒక ప్రశ్న, దాన్ని ఎక్కడ వాడాలో ఎవరు చూశారన్నది ఇంకో ప్రశ్న. మేము ఆసుపత్రిలో ప్రతిరోజూ చదివేది రిలాక్సేషన్ తేడాలనే. నీటి పరిమాణంలో తేడాలు చాలా కొద్ది. ఉత్త ప్రోటాన్ల లెక్కతో తీస్తే మెదడు బొమ్మ బూడిదరంగు ముద్దలా ఉంటుంది.

అయితే ఆయన ఆశించినట్టు రిలాక్సేషన్ అంకె ఒక్కటే చూసి క్యాన్సర్ అవునో కాదో తేల్చడం కుదరలేదు. చెడ్డ గడ్డల విలువలు, మంచివాటి విలువలు ఒకదాని మీదికొకటి వచ్చేస్తాయి.

వెన్నెల

టీ1, టీ2 అంటే అవేనా? నిర్వచనాలు కంఠస్థం వచ్చు. బొమ్మలో అవి ఎలా కనిపిస్తాయో తెలియదు.

నీడలు చదివేవాడు

టీ1: పడిపోయిన అయస్కాంతత్వం తిరిగి క్షేత్ర దిశలో లేచి నిలబడడానికి పట్టే సమయం. టీ2: అడ్డంగా కలిసి తిరుగుతున్నవి దశ తప్పి చెదిరిపోవడానికి పట్టే సమయం. 1.5 టెస్లాలో కొవ్వు టీ1 సుమారు 250 మిల్లీసెకన్లు. మెదడు చుట్టూ ఉండే ద్రవానిది నాలుగు సెకన్ల దాకా. స్వేచ్ఛగా, అతివేగంగా దొర్లే నీటి అణువుకు తన శక్తిని చుట్టుపక్కలకు అప్పగించడం కష్టం. దొర్లుడు వేగం లార్మర్ పౌనఃపున్యానికి దగ్గరగా ఉన్నప్పుడే అప్పగింత త్వరగా సాగుతుంది. 1948లో బ్లోంబర్గెన్, పర్సెల్, పౌండ్ తేల్చిన విషయం ఇది.

పల్సులు దగ్గర దగ్గరగా ఇస్తే కొవ్వు లేచి సిద్ధంగా ఉంటుంది, ద్రవం ఇంకా లేవదు. కాబట్టి టీ1 బొమ్మలో కొవ్వు తెలుపు, ద్రవం నలుపు. పల్సుల మధ్య చాలా వ్యవధి ఇచ్చి, సిగ్నల్ వినడం ఆలస్యం చేస్తే మిగతావన్నీ చెదిరిపోయి ద్రవం ఒక్కటే మోగుతూ ఉంటుంది. టీ2 బొమ్మలో ద్రవం తెలుపు. వాపు, ఇన్ఫెక్షన్, చాలా కణితులు అన్నింట్లోనూ నీరు చేరుతుంది కాబట్టి రోగం ఎక్కువగా టీ2లో తెల్లగా బయటపడుతుంది.

రావు గారి మూడో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. ఒక్కో గీత సమాచారం తీశాక ప్రోటాన్లు లేచేవరకు ఆగాలి. అలా వందల గీతలు. పైగా సిగ్నల్ బలహీనం కాబట్టి పదే పదే తీసి సగటు చేయాలి.

పక్షవాతంలో ఇంకో రకం బొమ్మ ఉంది. రక్తం అందని కణాలు ఉబ్బి, నీటి అణువులు అటూ ఇటూ తిరగడానికి చోటు చాలదు. ఆ తిరుగుడునే కొలిచే డిఫ్యూజన్ బొమ్మలో ఆ చోటు నిమిషాల్లోనే తెల్లగా కనిపించడం మొదలవుతుంది, సీటీ ఇంకా మామూలుగా ఉండగానే. అయినా చాలాచోట్ల ముందు సీటీయే తీస్తారు. రక్తస్రావం లేదని తేల్చుకోవడానికి అదే త్వరగా అందుతుంది, ఆ పరిస్థితిలో నిమిషాలు ముఖ్యం.

పీపీఎం

సగటు చేయడం గురించి ఒక మాట. నాలుగు రెట్లు స్కాన్లు తీస్తే సిగ్నల్, రొద నిష్పత్తి రెండు రెట్లే పెరుగుతుంది. పది రెట్లు కావాలంటే వంద రెట్లు తీయాలి. కార్బన్ స్పెక్ట్రం కోసం మా దగ్గరికి రెండు మిల్లీగ్రాముల పదార్థం తెచ్చి "సాయంత్రానికి ఇస్తారా" అని అడిగే విద్యార్థులు ఈ వర్గమూలాన్ని గోడ మీద రాసుకోవాలి. కార్బన్-12కు స్పిన్ లేదు. స్పిన్ ఉన్న కార్బన్-13 ప్రకృతిలో 1.1 శాతమే, దాని భ్రామకం కూడా చిన్నది. రాత్రంతా యంత్రం నడిస్తే తప్ప పీకు పైకి లేవదు.

ఇదంతా సాధ్యమైంది ఎర్నెస్ట్ వల్ల. అంతకు ముందు ఒక్కో పౌనఃపున్యం దగ్గరా ఆగి ఆగి వెతికేవారు. 1966లో ఎర్నెస్ట్, ఆండర్సన్ చూపించిన దారిలో ఒక్క చిన్న పల్స్, మైక్రోసెకన్ల లెక్కలో, అన్ని ప్రోటాన్లనూ ఒకేసారి కదిలిస్తుంది. వచ్చిన కలగాపులగాన్ని ఫూరియే గణితం విడదీస్తుంది. ఆయనకు 1991లో రసాయన నోబెల్ వచ్చింది. ప్రోటీన్ల నిర్మాణాన్ని ద్రావణంలోనే తీసే పద్ధతికి 2002లో వుట్రిక్‌కు వచ్చింది.

సందేహాల రావు

జవాబులకు చాలా కృతజ్ఞతలు. ఆ పీకుల కాగితంతో మాలాంటి వాళ్లకు ఉపయోగం ఉంటుందా, లేక చదువుకునే పిల్లల కోసమేనా?

పీపీఎం

రావు గారూ, 2008 నాటి హెపారిన్ కథ చెబుతాను. నేను కొత్తవాళ్లకు పాఠం మొదలుపెట్టేది దీంతోనే.

హెపారిన్ అంటే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు. పందుల పేగుల నుంచి తీస్తారు. 2007 చివర్లో, 2008 మొదట్లో అమెరికాలో డయాలసిస్ రోగులకు ఆ ఇంజెక్షన్ ఇవ్వగానే రక్తపోటు పడిపోవడం, ఊపిరాడకపోవడం మొదలైంది. మరణాలూ సంభవించాయి. విడ్డూరం ఏమిటంటే మందు నాణ్యత పరీక్షలన్నీ పాసైంది. అప్పటి పరీక్ష చూసేది ఒక్కటే: ఇది రక్తం గడ్డకట్టడాన్ని ఆపుతోందా లేదా? ఆపుతోంది.

ప్రోటాన్ ఎన్‌ఎంఆర్ తీశారు. హెపారిన్‌లో ఎసిటైల్ సమూహపు మిథైల్ పీకు 2.04 పీపీఎం దగ్గర ఉంటుంది. అనుమానం ఉన్న సీసాల్లో దాని పక్కన, 2.15 పీపీఎం దగ్గర, ఉండకూడని ఇంకో పీకు. తేడా 0.1 పీపీఎం, కాగితం మీద వేలెడు కూడా ఉండదు. తవ్వుకుంటూ పోతే అది కాండ్రాయిటిన్ అనే చౌక పదార్థానికి సల్ఫేటు సమూహాలు అతిగా తగిలించినది. అది కూడా కొంత మేరకు గడ్డకట్టకుండా చేస్తుంది కాబట్టి పాత పరీక్ష దాన్ని పట్టలేదు. ఎవరో తెలివిగా చేసిన కల్తీ. ఆ తర్వాత అమెరికా ఔషధ ప్రమాణాల్లో హెపారిన్‌కు ఎన్‌ఎంఆర్ పరీక్షను తప్పనిసరి చేశారు.

పని బాగుందా లేదా అని చూసే పరీక్షకూ, ఉన్నది ఏమిటి అని చూసే పరీక్షకూ తేడా ఇదే.

హీలియం తాత

రావు గారికి నేనూ ఒకటి చెప్పాలి. దీనికి పెద్ద అయస్కాంతం కూడా అక్కర్లేదు. భూమి క్షేత్రమే చాలు.

ప్రోటాన్ మాగ్నెటోమీటర్ అని ఒకటుంది, 1950ల నాటిది. సీసాలో నీళ్లో కిరోసినో పోసి చుట్టూ తీగ చుడతారు. తీగలో కొన్ని సెకన్లు కరెంటు పంపి ప్రోటాన్లను ఒక వైపు తిప్పి, చటుక్కున ఆపేస్తారు. అప్పుడవి భూమి క్షేత్రం చుట్టూ తిరగడం మొదలుపెడతాయి. 50 మైక్రోటెస్లాల దగ్గర ఆ వేగం సుమారు 2,130 హెర్ట్జ్. అంటే మన చెవికి వినబడే స్వరం! స్పీకరుకు కలిపితే సన్నని ఈలలా మోగి ఆరిపోతుంది. ఈల స్థాయి కొలిస్తే క్షేత్రం తెలుస్తుంది. దాంతో ఖనిజాలు, మునిగిన ఓడలు, పూడిపోయిన పురాతన కట్టడాలు వెతుకుతారు.

ఇదే ఎత్తుగడతో నేల మీద పెద్ద తీగ వలయం పరిచి భూగర్భజలాన్ని కూడా వెతుకుతారు. మిగతా పద్ధతులు నేల విద్యుత్ గుణాన్ని కొలిచి నీరుండవచ్చని ఊహిస్తాయి. ఇది నేరుగా నీటిలోని హైడ్రోజన్‌నే వింటుంది. పక్కన కరెంటు తీగలుంటే మాత్రం ఆ రొదలో ఏమీ వినబడదు.

వెన్నెల

ఆలోచనలను కూడా ఎంఆర్‌ఐతో చదవవచ్చని ఒక వ్యాసంలో చూశాను. అది నిజమేనా?

భౌతికవాది

ఇలాంటి వ్యాసాలు రాసేవారిని కూర్చోబెట్టి ముందు చేప కథ చెప్పాలి. మీరు చదివింది ఫంక్షనల్ ఎంఆర్‌ఐ (మెదడు పనిచేస్తుండగా తీసేది) గురించి, అది ఆలోచనను చూడదు, రక్తంలో ఆక్సిజన్‌ను చూస్తుంది. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ అయస్కాంత స్వభావం వేరని పౌలింగ్, కోరియెల్ 1936లోనే చూపించారు. దాన్ని మెదడు పనికి ముడిపెట్టవచ్చని 1990లో సెయిజీ ఒగావా చూపించారు. ఒక చోట నాడీకణాలు పనిచేస్తే కొన్ని సెకన్ల తర్వాత అక్కడికి రక్తం అవసరానికి మించి వస్తుంది, సిగ్నల్ కొద్ది శాతం పెరుగుతుంది.

ఆ కొద్ది శాతాన్ని రొద నుంచి వేరు చేయడానికి వేలాది బిందువుల్లో ఒక్కోదానికీ గణాంక పరీక్ష చేస్తారు. అన్ని పరీక్షలు చేస్తే కొన్ని ఊరికే నెగ్గుతాయి. ఈ సంగతి చూపించడానికి 2009లో కొందరు పరిశోధకులు చచ్చిపోయిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫోటోలు చూపించి, వాళ్ల మనసులో ఏముందో ఊహించమన్నారు. సవరణ లేకుండా లెక్క వేస్తే చేప మెదడులో "చురుకైన" బిందువులు కనిపించాయి. సవరణ వేయగానే మాయమయ్యాయి.

నీడలు చదివేవాడు

చేప ఒప్పుకుంటాను. కానీ మెదడులో కణితి తీసే ముందు, మాటకు సంబంధించిన భాగం ఎటు వైపు ఉందో చూసుకోవడానికి దీన్ని వాడతాం. ఆలోచన చదవడం కాదు గానీ, సర్జన్ కత్తి ఎటు పోకూడదో చెబుతుంది.

సందేహాల రావు

చివరిగా ఒకటి. మా బంధువుకు కిడ్నీ జబ్బు ఉంది. రంగు మందు ఎక్కించి ఎంఆర్‌ఐ తీయాలంటున్నారు. ఫరవాలేదా?

నీడలు చదివేవాడు

ఆ మందులో గాడోలినియం ఉంటుంది. దాని అయాన్‌లో జతలేని ఎలక్ట్రాన్లు ఏడు. దగ్గరికొచ్చిన నీటి ప్రోటాన్లను త్వరగా లేచేలా చేస్తుంది, కాబట్టి అది చేరిన చోటు టీ1 బొమ్మలో తెల్లబడుతుంది. ఒట్టి గాడోలినియం విషం. అందుకే ఒక కార్బనిక అణువులో బంధించి ఇస్తారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో మందు ఒంట్లోనే నిలిచిపోయి, పాత రకం బంధం విడిపోయి, చర్మం గట్టిపడే తీవ్రమైన జబ్బు రావచ్చని 2006లో బయటపడింది. ఇప్పుడు ఎక్కువగా వాడేది చుట్టూ పంజరంలా మూసుకున్న రకం, దాంతో ఆ ముప్పు చాలా తక్కువ. మీ బంధువు తాజా క్రియాటినిన్, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే అంకె) రిపోర్టులు తీసుకెళ్లి కిడ్నీ డాక్టరుకూ, స్కాన్ తీసేవారికీ ఇద్దరికీ చూపించాలి. రంగు మందు లేకుండా పని జరుగుతుందా అని అడగడం కూడా తప్పు కాదు. నిర్ణయం అక్కడే జరగాలి, ఇక్కడ కాదు.

నిర్వాహకులు

పై మాటను బలపరుస్తున్నాం. వ్యక్తిగత రిపోర్టులు దయచేసి ఇక్కడ పెట్టవద్దు.

వెన్నెల

చాలా తెలిసింది. అయినా నా మొదటి ప్రశ్న కొంచెం మిగిలే ఉంది. స్పెక్ట్రంలో పౌనఃపున్యం తేడా అంటే ఎలక్ట్రాన్ల వల్ల వచ్చినది. బొమ్మలో పౌనఃపున్యం తేడా అంటే చోటు వల్ల వచ్చినది. ఒంట్లో కూడా అణువులున్నాయి కదా, వాటికీ కెమికల్ షిఫ్ట్ ఉంటుంది. అప్పుడు స్కానర్ ఈ రెండింటినీ ఎలా వేరు చేస్తుంది?

భౌతికవాది

ఈ చర్చలో ఇప్పటివరకు వచ్చిన ప్రశ్నల్లో మేలైనది ఇదే. జవాబు: వేరు చేయలేదు.

కొవ్వులోని ప్రోటాన్లకూ నీటి ప్రోటాన్లకూ తేడా సుమారు 3.5 పీపీఎం. 1.5 టెస్లాలో అది ఎన్ని హెర్ట్జ్? 3 టెస్లాలో ఎన్ని? లెక్క వేసి చెప్పండి. తర్వాత నీడలు గారు బొమ్మలో చూపిస్తారు.

వెన్నెల

63.87 ఇంటూ 3.5 అంటే 223.5 హెర్ట్జ్. 3 టెస్లాలో రెట్టింపు, 447.

నీడలు చదివేవాడు

సరే. ఇప్పుడు ఒక పిక్సెల్‌కు 125 హెర్ట్జ్ కేటాయించారనుకోండి. కొవ్వు 223 హెర్ట్జ్ నెమ్మదిగా తిరుగుతోంది. యంత్రానికి కారణం తెలియదు, చోటు వేరనుకుంటుంది. కాబట్టి కొవ్వు మొత్తాన్ని దాదాపు రెండు పిక్సెళ్లు పక్కకు జరిపి గీస్తుంది. కిడ్నీ చుట్టూ కొవ్వు ఉంటుంది కదా. బొమ్మలో కిడ్నీకి ఒక పక్కన సన్నని నల్ల గీత కనిపిస్తుంది, కొవ్వు జరిగిపోగా మిగిలిన ఖాళీ అది. ఎదుటి పక్కన తెల్ల గీత, కొవ్వు వచ్చి కిడ్నీ మీద పడిన చోటు. నిజానికి అక్కడ ఏ గీతా లేదు. అదే సెట్టింగు 3 టెస్లాలో ఉంచితే మూడున్నర పిక్సెళ్లు.

పీపీఎం

అంటే మీ కిడ్నీ పక్కనున్న నల్ల గీతే మా కాగితం మీది పీకు. కొవ్వు 1.2 దగ్గర, నీరు 4.7 దగ్గర. వెన్నెల గారూ, రేపు ల్యాబ్‌కు వెళ్లినప్పుడు ఏదైనా నూనె ప్రోటాన్ స్పెక్ట్రం తీసి చూడండి, పొడవాటి గొలుసు పీకు అక్కడే ఉంటుంది.

వెన్నెల

క్లోరోఫారంలో కరిగించనా?

పీపీఎం

డ్యుటీరియం ఉన్న క్లోరోఫారంలో. మామూలుది పోశారంటే 7.26 దగ్గర దాని పీకు తప్ప ఇంకేమీ కనిపించదు.